బడి తెరిచే మాట

ఆ ఫోను వచ్చేసరికి పెద్ద పంతులమ్మ బడి పెరట్లో కుళాయితో కుస్తీ పడుతోంది. ఏడాదికి పైగా ఎవరూ తిప్పకపోవడంతో కుళాయిలన్నీ బిగుసుకుపోయాయి. పిల్లలు చేతులు కడుక్కునే వరసలో ఒక్కటీ కదలడం లేదు. పాతగుడ్డ చుట్టి, పళ్ళు బిగించి తిప్పితే చివరికి ఒకటి కీచుమని, కాసిని తుప్పునీళ్ళు కక్కి ఊరుకుంది. కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోను తీసింది.

విద్యాశాఖ ఆఫీసు నుంచి. అవతలి మనిషి గొంతు కూడా డస్సిపోయి ఉంది.

"చిన్న బళ్ళు తెరవాలా వద్దా అన్నది ఇక ఎవరికి వాళ్ళే తేల్చుకోవచ్చండి. తల్లిదండ్రులతో మాట్లాడుకుని వచ్చే వారంలోగా ఏదో ఒకటి చెప్పండి."

"మీరేమంటారు?"

"మేమేం అనమండీ. అందుకే కదా మీకు వదిలేశాం."

ఆవిడ ఫోను పెట్టేసి కుళాయి గట్టు మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ మూయమంటే మూసింది. ఎవరైనా వచ్చి నిలదీస్తే, "నా చేతుల్లో ఏముంది, పైవాళ్ళ మాట" అనేది. ఆ మాట ఎంత చల్లని నీడో ఇప్పుడు తెలిసొచ్చింది. పైవాళ్ళు చేతులు దులుపుకున్నారు. ఆ దుమ్మంతా వచ్చి తన నెత్తిన పడింది.

ఐదు తరగతుల చిన్న బడి అది. బస్సుల డిపో వెనక సందులో, ఇనుప సామాను గోదాముకూ లాండ్రీకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. చదివేదంతా ఆ చుట్టుపక్కల పనిపాటలు చేసుకునేవాళ్ళ పిల్లలు. ఆవిడ అక్కడ మామూలు టీచరుగా చేరి, తల నెరిసేసరికి పెద్ద పంతులమ్మ అయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళతో "తీరిక దొరకలేదు" అనేది. అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు.

జబ్బు వచ్చి బడి మూతపడ్డాక పాఠాలు ఫోన్లోకి వెళ్ళాయి. పొద్దున్నే వంటింటి బల్ల మీద చక్కెర డబ్బాకు ఫోను ఆనించి ఆవిడ పాఠం మొదలుపెట్టేది. తెర మీద కొన్ని మొహాలు, కొన్ని పైకప్పులు, ఒక ఫ్యాను కనిపించేవి. ఆ ఫ్యాను ఎవరిదో ఎన్నడూ తేలలేదు. ప్రశ్న అడిగితే ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసేది. ఎవరి తండ్రో పక్కనుంచి జవాబు అందించేవాడు. రానురాను తెరలో మొహాలు తగ్గి పైకప్పులు పెరిగాయి. ఆ తర్వాత పైకప్పులూ తగ్గాయి. ఆవిడ మాత్రం ఫ్యానుకు పాఠం చెబుతూనే ఉంది.

ఇంట్లో ఆవిడకు తోడు చెల్లెలి కూతురు. ముద్దుపేరు గువ్వ, చదివేది రెండో తరగతి. చెల్లెలు పెద్దాసుపత్రిలో నర్సు, అదీ ఈ జబ్బు వార్డులోనే. మరిదికి సరుకుల ఓడలో ఉద్యోగం. రేవులు మూసేయడంతో ఒప్పందం ముగిసినా అతన్ని దిగనివ్వలేదు. ఏదో సముద్రంలో లంగరు వేసిన ఓడలో కూర్చుని, సిగ్నల్ దొరికినప్పుడల్లా "ఇదిగో వచ్చేస్తున్నా" అంటూనే ఉన్నాడు. చెల్లెలు మేడ మీది ఒంటిగదిలో ఉంటోంది. డ్యూటీ నుంచి రాగానే బయటి మెట్లెక్కి నేరుగా పైకి వెళ్ళిపోతుంది. అన్నం గిన్నె మెట్ల మీద పెడితే తీసుకుంటుంది. సాయంత్రాలు గువ్వ కింది మెట్టు మీదా, తల్లి పై మెట్టు మీదా కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. మధ్యలో మెట్లన్నీ ఖాళీ.

గువ్వకు ఈమధ్య ఒక కొత్త ఆట పట్టుబడింది. ఏదైనా పని చెప్తే చాలు, అలాగే బిగుసుకుపోయి, నోరు సగం తెరిచి, కళ్ళార్పకుండా నిలబడుతుంది.

"స్నానానికి రావే."

చప్పుడు లేదు.

"నిన్నే గువ్వా."

"వినబడట్లేదు పెద్దమ్మా. నెట్ రావట్లేదు."

మొదట్లో పెద్ద పంతులమ్మ పడీపడీ నవ్వింది. పక్కవాళ్ళకు కూడా చెప్పి నవ్వించింది. ఒక సాయంత్రం మెట్ల పైనుంచి తల్లి, "ఎలా ఉన్నావే తల్లీ, ఇవాళ ఏం చేశావ్?" అని అడిగితే గువ్వ తల్లి ముందు కూడా అలాగే బిగుసుకుపోయింది. తల్లి నవ్వింది. ఇంకోసారి అడిగింది. అయినా పిల్ల కదల్లేదు. "సరేలే, నెట్ వచ్చాక మాట్లాడుకుందాం" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపేసిన చప్పుడు, ఆ వెనకే కుళాయి చాలాసేపు ధారగా పోస్తున్న చప్పుడు వినిపించాయి. ఆ రోజు నుంచి పెద్ద పంతులమ్మకు ఆ ఆట నవ్వు తెప్పించడం మానేసింది.

బడి సంగతి సందంతా పాకడానికి పూట పట్టలేదు. మధ్యాహ్నానికి ఫోను మోగడం మొదలైంది. ఇక ఆగలేదు.

మొదట మాట్లాడినావిడ బేకరీలో పిండి కలిపే పని చేస్తుంది. ఇద్దరు పిల్లలు. భర్త ఎప్పుడో వదిలేసి వెళ్ళాడు.

"మేడమ్, తెరవండి మేడమ్. నేను పొద్దున పోయి సాయంత్రం వస్తా. ఇద్దర్నీ లోపల పెట్టి తాళం వేసి పోతున్నా. మొన్న పెద్దాడు చెల్లికి ఆకలేస్తోందని గుడ్డు ఉడకబెట్టబోయాడు. చెయ్యి కాల్చుకున్నాడు. తాళంచెవి నా దగ్గర ఉండిపోయింది. పక్కింటాయన కిటికీలోంచి చెంబుతో నీళ్ళు పోశాడంట. నేను చెడ్డ తల్లిని కాదు మేడమ్" అంది.

"ఎవరన్నారమ్మా ఆ మాట?"

"ఎవరూ అనలా. నాకే అనిపిస్తా ఉంది."

ఆ ఫోను పెట్టేసరికి దర్జీ తాత ఫోను చేశాడు. ఆయన కూతురు ఈ జబ్బుతోనే పోయింది. మూడో తరగతి మనవణ్ణి ఆయనే సాకుతున్నాడు.

"తెరుస్తారంటగా పంతులమ్మా."

"ఇంకా ఏమీ అనుకోలేదు తాతగారూ."

"తెరవొద్దమ్మా. వాడికి నేనూ, నాకు వాడూ. మిగతా పిల్లలందరూ బడికి పోయి వాడు ఒక్కడే ఇంట్లో ఉంటే వాడి ప్రాణం ఊరుకోదు. పంపాలి. పంపితే వాడు ఆ రోగం మోసుకొస్తాడు. వాడికేం కాదు, పిల్లోడు. నేనే పోతా. నేను పోతే వాడికి తల దువ్వేదెవరు?"

ఇద్దరి మాటా నిజమే. ఒకరి మాట అబద్ధమైతే ఎంత బాగుండు అనిపించింది ఆవిడకు.

సాయంత్రం లెక్కల మాస్టారు స్వయంగా వచ్చాడు. లోపలికి రాకుండా గేటు బయటే నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి సుద్దముక్కల పొడి పీల్చిన మనిషి, ఉబ్బసం ఉంది. జేబులో ఎప్పుడూ ఊపిరి మందు ఉంటుంది.

"మేడమ్, తల్లిదండ్రుల మీటింగులో నేను వద్దనే అంటాను. ముందే చెప్పిపోదామని వచ్చా. తర్వాత వెన్నుపోటు పొడిచాడని అనుకోకండి."

"మీరు వద్దంటే నేనేమీ అనుకోను మాస్టారూ. మీ ఊపిరి సంగతి నాకు తెలీదా?"

"నా ఒక్కడి ఊపిరి గురించి కాదులెండి. సరే, నా ఊపిరి గురించి కూడా. మీ చెల్లెలిగారు ఏమంటున్నారు? అందరం ఆవిడ మాట కోసమే చూస్తున్నాం. రోజూ చూసే మనిషి కదా, ఆవిడ ఎలా అంటే అలా."

ఆ మాట సందులో అప్పటికే పడిపోయింది. నర్సమ్మ మీటింగుకు వస్తుంది, నర్సమ్మ చెబుతుంది అనుకుంటున్నారు. తెరవాలన్నవాళ్ళు ఆవిడ తెరవమంటుందని, వద్దన్నవాళ్ళు ఆవిడ వద్దంటుందని ఎవరికి వాళ్ళు ధీమాగా ఉన్నారు. చీకటి పడే వేళకు పెద్ద పంతులమ్మ మెట్ల కింద నిలబడి ఆ కబురు చెప్పింది. చెల్లెలు తడి జుట్టు తుడుచుకుంటూ పై మెట్టు మీద కూర్చుని ఉంది. ముక్కు మీద, బుగ్గల మీద మాస్కు నొక్కిన ఎర్రటి గాట్లు కనిపిస్తున్నాయి.

"నన్నెందుకు లాగుతారక్కా ఇందులోకి?"

"నువ్వు చెప్తే వింటారు."

"వినేదేముంది, ఎవరికి కావల్సింది వాళ్ళు వింటారు." తువ్వాలు పక్కన పడేసింది. "సరే, వస్తాలే. మీటింగు రోజు పొద్దున డ్యూటీ దిగి అటునుంచి అటే వస్తా. నీ మాట పోకూడదు కదా."

సెలవు రోజు పొద్దున మీటింగు పెట్టారు. ఒకటో తరగతి గది పెద్దది. కిటికీలన్నీ బార్లా తీసి, బెంచీలు ఎడంగా జరిపి కూర్చోబెట్టారు. చిన్నపిల్లల బెంచీలవి. పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా ముడుచుకుని కూర్చున్నారు. చోటు చాలనివాళ్ళు వరండాలో నిలబడి కిటికీల్లోంచి తలలు పెట్టారు. చెల్లెలు అందరికంటే ఆలస్యంగా వచ్చి, ఎవరికీ దగ్గర కాకుండా వెనక గోడ వారగా ఉన్న బెంచీ మీద ఒక్కతే కూర్చుంది.

మొదట అందరూ మర్యాదగానే మాట్లాడారు. బేకరీ ఆవిడ గుడ్డు సంగతి చెప్పింది. దర్జీ తాత కూతురి సంగతి చెప్పాడు. లెక్కల మాస్టారు లేచి, ఒక్కో గదిలో ఎంతమంది కూర్చుంటారు, ఎంత గాలి ఆడుతుంది, ఒకరికి వస్తే ఎందరికి అంటుతుంది అని బోర్డు మీద లెక్క వేసి చూపించాడు. చెమ్మ తగిలి మెత్తబడ్డ సుద్దముక్క గీత గీతకూ విరిగిపోతోంది. అంతలో డిపోలో పనిచేసే ఒక తండ్రి అందుకున్నాడు.

"లెక్కలు బాగానే ఉన్నాయి మాస్టారూ. మీకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది, బడి ఉన్నా లేకపోయినా. అందుకే తాపీగా లెక్కలేస్తున్నారు."

"ఏమన్నావు?"

"ఉన్న మాటే అన్నా."

అంతే, గది భగ్గుమంది. ఒకరి మాట ఒకరికి వినబడడం లేదు. మీ పిల్లలు మాస్కుల్లేకుండా వీధుల్లో తిరుగుతున్నారని ఒకరు, మీ ఇంట్లో నలుగురు పెద్దాళ్ళున్నారు కాబట్టి మీకేం తెలుస్తుందని ఇంకొకరు. మా అమ్మాయి పోయినప్పుడు చూడ్డానికి కూడా రాలేదు మీరెవరూ అని దర్జీ తాత. రానిచ్చారా అని ఎవరో. పెద్ద పంతులమ్మ బల్ల మీద డస్టరుతో కొడుతూనే ఉంది. పిల్లల దగ్గర పనిచేసే ఆ చప్పుడు పెద్దవాళ్ళ దగ్గర పనిచెయ్యలేదు. ఆవిడకు ఒళ్ళంతా పులిసిపోయినట్టు అనిపించింది. వీళ్ళని ఇలా వదిలేసి, గేటు దాటి, సందు చివరిదాకా నడిచి వెళ్ళిపోతే ఎవరు పట్టుకుంటారు అని ఒక ఆలోచన వచ్చి పోయింది.

"ఆగండి, ఆగండి. మనలో మనం కొట్టుకు చావడం దేనికి? నర్సమ్మ ఉందిగా, ఆవిణ్ణే అడుగుదాం" అని ఎవరో అరిచారు.

అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు.

నర్సమ్మ నిద్రపోతోంది. బల్ల మీద చెయ్యి చాపి, ఆ చెయ్యి మీద చెంప ఆనించి, ఒళ్ళు తెలియని నిద్ర. కాళ్ళు బెంచీ కింద పట్టక ఒకటి నడవలోకి వచ్చేసింది. ఇంత గోలకూ కనురెప్ప కూడా కదలలేదు. మాస్కు వదులుగా లోపలికీ బయటికీ ఆడుతోంది.

పెద్ద పంతులమ్మ బెంచీల మధ్యగా నడిచి చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. లేపుదామని చెయ్యి చాపింది. భుజం దాకా వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంత దగ్గరగా తోడబుట్టినదాన్ని చూసి ఎన్నాళ్ళయింది? పాపిట దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. అది మెట్ల కింద నుంచి కనబడదు.

"పడుకోనివ్వండి మేడమ్" అంది బేకరీ ఆవిడ. చాలా మెల్లగా అంది.

"అవును, లేపకండి" అన్నాడు డిపో ఆయన. ఆయన గొంతూ తగ్గిపోయింది. కిటికీ దగ్గర ఎవరో దగ్గబోయి మోచేతిలో నోరు కుక్కుకున్నారు.

అక్కడితో మీటింగు ఆగిపోలేదు, గుసగుసల్లోకి దిగింది. లేచి నిలబడితే బెంచీ కిర్రుమంటుందని ఎవరూ లేవలేదు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు మెడలు చాచి వినాల్సొచ్చింది, లేకపోతే వినబడదు. గుసగుసగా తిట్టడం కష్టం. ఒకాయన ప్రయత్నించాడు గానీ, తనకే ఎబ్బెట్టుగా అనిపించి మధ్యలో వదిలేశాడు.

"ఇంట్లో చూసేవాళ్ళు లేని పిల్లల్ని మాత్రం రానిద్దాం" అంది ఒక తల్లి.

"ఇంట్లో పెద్దాళ్ళున్న పిల్లలు?"

"వాళ్ళకి ఫోన్లోనే చెబుదాం. రాలేదని ఎవర్నీ ఏమీ అనకూడదు" అంది పెద్ద పంతులమ్మ. "వచ్చినవాళ్ళనీ అనకూడదు."

గదుల్లో వద్దు, వరండాలోనూ పెరట్లోనూ కూర్చోబెడదాం అన్నారు ఒకరు. సగం మంది ఒక రోజు, సగం మంది మరునాడు అన్నారు ఇంకొకరు. కుళాయిలు తిరగడం లేదని పెద్ద పంతులమ్మ చెబితే, డిపో ఆయన తన పానాలు తెచ్చి బాగుచేస్తానన్నాడు. దర్జీ తాత మాత్రం, "నేను పంపనమ్మా, నన్ను బలవంతం చెయ్యకండి" అన్నాడు. ఎవరూ చెయ్యలేదు.

చివరికి అందరూ లెక్కల మాస్టారు వైపు చూశారు.

"నేను ఒప్పుకోవట్లేదు" అన్నాడు అంతే మెల్లగా. "అది అందరూ గుర్తుపెట్టుకోండి. కానీ మీరు తెరిస్తే వస్తా. పిల్లలు వచ్చి కూర్చుంటే మాస్టారు ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు."

"మీరు ఇంటి దగ్గర్నుంచే చెప్పొచ్చు మాస్టారూ" అంది పెద్ద పంతులమ్మ.

"చూద్దాం లెండి" అన్నాడాయన. ఆ మాటకు అర్థం రాననా, వస్తాననా అన్నది ఆవిడ ఆరా తీయలేదు. తర్వాత చాలాసార్లు, ఆరా తీయాల్సింది అనుకుంది.

అందరూ లేస్తుంటే బెంచీల చప్పుడుకు చెల్లెలు ఉలిక్కిపడి లేచింది. బుగ్గ మీద బల్ల గాట్లు పడ్డాయి. చుట్టూ చూసి, "నా వంతు వచ్చిందా?" అంది. ఆ పొద్దున అందరూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

ఇంటికి నడిచి వస్తుంటే, రోడ్డుకు ఆ పక్కన చెల్లెలు, ఈ పక్కన అక్క. పెద్ద పంతులమ్మ అడిగింది. "నిజం చెప్పు. లేపి అడిగుంటే ఏమనేదానివి?"

"ఏమోనక్కా. వార్డులో ఉన్నంతసేపూ ప్రపంచంలో ఉన్న తలుపులన్నీ మూసేయాలనిపిస్తుంది. ఇంటికొచ్చి ఆ మెట్ల కింద దాన్ని చూస్తే అన్నీ తీసేయాలనిపిస్తుంది. ఈ రెంటికీ మధ్య మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు." కొంచెం నడిచాక, "దాన్ని పంపు" అంది. "గువ్వని. నువ్వెలాగూ వెళ్తావుగా."

అలా బడి తెరిచారు.

మొదటి రోజు పిల్లలు గోల చేస్తారని పెద్ద పంతులమ్మ అనుకుంది. చెయ్యలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు వరండా గోడకు ఆనుకుని నిలబడ్డారు. మాస్కుల్లో ఎవరు ఎవరో పోల్చుకోలేక ఒకళ్ళ కళ్ళల్లోకి ఒకళ్ళు చూసుకున్నారు. ఏడాదిలో కొందరు జానెడు పెరిగారు. పెన్సిలు పట్టుకోవడం మరిచిపోయినవాళ్ళు ఉన్నారు. రెండో తరగతి వాళ్ళకు అక్షరాలు సగం గుర్తున్నాయి, సగం ఎగిరిపోయాయి. చేతులు కడిగించేసరికే మొదటి పీరియడ్ అయిపోయింది. ఒకమ్మాయి ఒంటేలుకు వెళ్ళాలని చెయ్యెత్తి అడగడం తెలియక, కూర్చున్నచోటే తడిపేసుకుని ఏడ్చింది. ఎవరూ నవ్వలేదు. అది మరీ బాధనిపించింది పెద్ద పంతులమ్మకు. మామూలు రోజుల్లో పిల్లలు నవ్వేవాళ్ళు, ఆవిడ కసిరేది.

బేకరీ ఆవిడ కొడుకు ముంజేతి మీద కాలిన మచ్చ గులాబీరంగులో మెరుస్తోంది. లెక్కల మాస్టారు వాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టుకున్నాడు. ఆయన మొదటి రోజే వచ్చేశాడు. రెండు మాస్కులు ఒకదాని మీద ఒకటి కట్టుకుని, పెరట్లో గోడ నీడన నిలబడి, ఆయాసపడుతూ భాగహారం చెప్పాడు.

వారం గడిచాక పెద్ద పంతులమ్మ ఒక సంగతి గమనించింది. పెరటి గోడ అవతల, సందు వైపు, దర్జీ తాత ఒక స్టూలు వేసి మనవణ్ణి కూర్చోబెడుతున్నాడు. లోపల చెప్పే పాఠం గోడ మీదుగా వినబడుతుంది. తాత పక్కన గొడుగు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆవిడ పిలవలేదు. పిలిస్తే ఆయనకు మొహం చెల్లక తీసుకెళ్ళిపోతాడని భయం. టీచర్లందరికీ కొంచెం గొంతు పెంచమని మాత్రం చెప్పింది. మాస్కులోంచి అరిచి అరిచి సాయంత్రానికి అందరి గొంతులూ బొంగురుపోయేవి.

గువ్వ మూడో రోజునే ఎవరితోనో జుట్లు పట్టుకుంది. మాస్కులు మార్చుకున్నారని బడి ఆయా మొత్తుకుంది. ఆ సాయంత్రం గువ్వ మెట్ల కింద కూర్చుని ఆ పోట్లాట మొత్తం తల్లికి చేతులూపుతూ చెప్పింది. ఆగమన్నా ఆగలేదు.

వానలు మొదలయ్యాక పెరట్లో కూర్చోవడం కుదరక, కిటికీలు తీసిపెట్టి గదుల్లోకి చేరారు. ఆ వారంలోనే ఇద్దరు పిల్లలకు జలుబూ జ్వరమూ వచ్చాయి. పరీక్షలో ఇద్దరికీ అదే జబ్బని తేలింది. వాళ్ళకు రెండు రోజుల్లో తగ్గిపోయింది. మూడో జ్వరం లెక్కల మాస్టారుకు వచ్చింది.

బడి మూసేశారు. ఆయన్ని పెద్దాసుపత్రిలో చేర్చారు, చెల్లెలి వార్డులోనే. ఆ రోజుల్లో పెద్ద పంతులమ్మకు కంటి మీద కునుకు లేదు. సాయంత్రం మెట్ల కింద తనే కూర్చుని పైకి చూసేది. చెల్లెలు వచ్చి, "ఇవాళ ఆక్సిజన్ పెంచారు" అనో, "ఇవాళ రెండు ముద్దలు తిన్నాడు" అనో చెప్పేది. ఒకరోజు ఏమీ చెప్పకుండా పైకి వెళ్ళిపోయింది. మరునాడు చెల్లెలే, "నిన్న భయపడ్డాను. ఇవాళ పర్లేదు" అంది.

నువ్వే కదా తెరిచింది అని ఎవరైనా మొహం మీద అంటారేమోనని ఆవిడ సందులోకి వెళ్ళడం మానేసింది. దర్జీ తాత ఫోను చేస్తే చాలాసేపు మోగనిచ్చి తీసింది.

"మాస్టారు ఎలా ఉన్నాడమ్మా?" అన్నాడాయన. అంతే అడిగాడు. వద్దని చెప్పలేదా అన్న మాట ఆయన నోట రాలేదు. వస్తే బాగుండు అనుకుంది ఆవిడ. తిట్టేస్తే ఒక పని అయిపోతుంది.

మాస్టారు ప్రాణాలతో బయటపడ్డాడు. ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు పెద్ద పంతులమ్మ చూడ్డానికి వెళ్ళింది. లోపలికి రావద్దని ఆయన భార్య కిటికీ బయట కుర్చీ వేసింది. కిటికీకి అవతల మంచం మీద ఆయన దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. సగం మనిషయ్యాడు. నాలుగు మాటలు మాట్లాడితే ఒకసారి ఆగాల్సొస్తోంది.

"నన్ను క్షమించండి మాస్టారూ."

"దేనికి మేడమ్? బడిలోనే అంటుకుందని మీకెవరు చెప్పారు? మందుల షాపుకి వెళ్ళా. బస్సెక్కా. ఎక్కడ పట్టుకుందో అది చెప్పదు, నాకూ తెలీదు." ఊపిరి తీసుకున్నాడు. "బడిలోనే అయ్యుంటుంది లెండి. లెక్క ప్రకారం."

ఆవిడ కొంగు సర్దుకుని, వచ్చిన సంగతి అడిగింది.

"ఆఫీసువాళ్ళు మళ్ళీ అడుగుతున్నారు. ఈ నెలలో తెరుస్తారా అని. మీరేమంటారు?"

"అప్పుడు వద్దన్నాను. ఇప్పుడూ వద్దనే అంటాను. మీరు తెరుస్తారు, అదీ నాకు తెలుసు. మీ మీద కోపం లేదు. ఎవరి మాట సరైందో ఏనాటికైనా తేలుతుందనుకున్నాను మేడమ్. తేలేటట్టు లేదు." కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమోనని ఆవిడ లేవబోతుంటే, "ఆ బేకరీ ఆవిడ కొడుక్కి శేషం రావడం లేదు. భాగహారం చేస్తాడు, శేషం వదిలేస్తాడు. అది చూడండి" అన్నాడు.

ఆవిడ తెరిచింది. ఈసారి మీటింగు పెట్టలేదు. ఇంటింటికీ ఫోను చేసి, వచ్చేవాళ్ళు రండి, రానివాళ్ళకు ఫోన్లో చెబుతాం అంది. కొందరు మొదటిసారి పంపినవాళ్ళు ఈసారి పంపలేదు. వద్దన్నవాళ్ళలో కొందరు పంపారు. ఇంట్లో ఉంచి ఉంచి వాళ్ళకూ ఓపిక అయిపోయింది. కొత్త లెక్కల మాస్టారును ఇస్తామన్న ఆఫీసు ఇవ్వలేదు. అందుకని లెక్కలు ఆవిడే తీసుకుంది. చిన్నప్పటి నుంచీ ఆవిడకు లెక్కలంటే పడదు.

వాన వెలిసిన ఒక పొద్దున, వరండాలో, తడి గచ్చు మీద గోనెలు పరిచి పిల్లల్ని కూర్చోబెట్టింది. ముందు వరసలో బేకరీ ఆవిడ కొడుకు పలక మీద వంగి ఉన్నాడు. ఆవిడ వాడి పక్కనే గోనె మీద చతికిలబడింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. వాడి భాగహారం అంతా చక్కగా ఉంది, చివరి గీత కింద మాత్రం ఖాళీ.

"ఇక్కడ ఏం మిగిలింది?"

"ఏం మిగల్లా మేడమ్."

"మళ్ళీ చూడు."

వాడు చూశాడు. వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకున్నాడు. మధ్యలో ఆపి, "లెక్కల మాస్టారు ఎప్పుడొస్తారు మేడమ్?" అని అడిగాడు.

"బడి మెట్లెక్కగలిగినప్పుడు వస్తారు."

"ఎప్పుడెక్కుతారు?"

"తెలీదు నాన్నా." ఆవిడ మాస్కు కొంచెం పైకి లాక్కుని, వాడి పలక తన ఒళ్ళోకి తీసుకుంది. "ముందు ఇది చేద్దాం. మెల్లగానే చేద్దాం, నాక్కూడా సరిగ్గా రాదు."

వాడు ఆశ్చర్యంగా ఆవిడ మొహంలోకి చూసి, బలపం నాలుకతో తడుపుకోబోయి, మాస్కు అడ్డొచ్చి ఆగిపోయాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ అటు తిరిగి, నోరు మూసుకోండి అని కసిరింది.